బాపు ఎక్స్‌రేలో రక్తనాళం ఎముకలా తెల్లగా కనిపించింది: కిడ్నీ జబ్బుకూ దీనికీ సంబంధం ఏమిటి?

పరకాల పత్తిచేను
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా బాపుకు 61 ఏళ్లు. చాలా కాలంగా షుగరు ఉంది, నాలుగేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. నడుము నొప్పి అంటే పక్కవాటంగా ఎక్స్‌రే తీయించాం. వెన్నుపూసల ముందు రెండు తెల్లని గీతలు నిలువుగా ఉన్నాయి. డాక్టరు గారు చూసి, "అది శరీరంలోని పెద్ద ధమని. గోడల నిండా కాల్షియం పట్టింది" అన్నారు. బయట వరుస చాంతాడంత ఉంది, ఇంకేమీ అడగలేకపోయాను.

రిపోర్టు చూస్తుంటే నాకు లెక్క కుదరడం లేదు. రక్తంలో కాల్షియం 8.3, అంటే మామూలు కంటే కొంచెం తక్కువే. ఫాస్ఫరస్ 7.1. పీటీహెచ్ అనేదేదో 800 దాటింది. రక్తంలోనే తక్కువగా ఉన్న కాల్షియం రక్తనాళాల గోడల్లోకి అంతగా ఎక్కడి నుంచి వచ్చింది? బీపీ కూడా విచిత్రంగా ఉంది: 178/62. పైది ఆకాశంలో, కిందిది నేల మీద.

అమ్మ ఆ రోజు నుంచే పాలు, పెరుగు, రాగి జావ మాన్పించింది. మా చిన్నాయన కొండపిండి ఆకు తెచ్చి కషాయం కాచమంటున్నాడు. కిడ్నీలో రాళ్లనే కరిగించే ఆకుకు నాళాల్లో కాల్షియం ఒక లెక్కా అంటాడు. తెలిసినవాళ్లు చెప్పండి.


కాజీపేట జంక్షన్
శనివారం, రాత్రి 10:15

తమ్ముడూ, ఇందులో వింతేమీ లేదు. మన దగ్గర బోరు నీళ్లు పదేళ్లు పారిన పైపును కోసి చూస్తే లోపల సున్నం ఎలా పేరుకుని ఉంటుందో చూశావు కదా. కిడ్నీలు వడపోయడం మానేస్తే రక్తంలోనూ అంతే, ఉన్నదంతా నాళాలకు పట్టుకుంటుంది. కాబట్టి అమ్మ చేసిందే సరైన పని, పాలు మాన్పించడమే మంచిది.


నర్సంపేట మిర్చి
శనివారం, రాత్రి 10:32

కొండపిండి ఆకు గురించి మీ చిన్నాయన చెప్పింది నిజం. మా ఊళ్లో దానితో రాళ్లు పడిపోయినవాళ్లను నేనే చూపిస్తాను. ఇంగ్లీషు మందులు జీవితాంతం మింగాలి, ఇది మండలం రోజులు చాలు.


రాత్రి డ్యూటీ
ఆదివారం, ఉదయం 6:50

నేను కాకతీయ మెడికల్ కాలేజీలో చదివాను, ఇప్పుడు కరీంనగర్‌లో కిడ్నీ రోగులను చూస్తున్నాను. కాస్త పెద్ద సమాధానం రాస్తాను, ఓపిక పట్టండి.

కాజీపేట అన్న చెప్పిన పైపు ఉదాహరణ అందరికీ సులభంగా ఎక్కుతుంది. అందుకే దాన్ని ముందు తీసేయాలి. పైపు ప్రాణం లేని వస్తువు. దాని లోపలి ముఖం మీద సున్నం వచ్చి కూర్చుంటుంది. ధమని గోడ అలా కాదు, అది మూడు పొరలుగా ఉంటుంది. మధ్య పొర నిండా కండర కణాలు, సాగే పోగులు ఉంటాయి. కిడ్నీ జబ్బులో కాల్షియం ప్రధానంగా పట్టేది ఆ మధ్య పొరలో, అంటే గోడ లోపల. పైగా దాన్ని అక్కడికి చేర్చేది ఆ కండర కణాలే.

అదెలాగో మొదటి నుంచి చెబుతాను. మనం తిన్న ఫాస్ఫరస్‌లో ఒంటికి పట్టినదాంట్లో మిగులును బయటికి పంపే పని కిడ్నీలది. అవి దెబ్బతినడం మొదలవగానే ఎముకలోని కణాలు ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతాయి. మిగిలి ఉన్న కిడ్నీ కణజాలం చేత ఫాస్ఫరస్‌ను ఎక్కువగా బయటికి తోయించడం దాని పని. అందుకే జబ్బు మొదలైన చాలాకాలం వరకు రక్తపరీక్షలో ఫాస్ఫరస్ మామూలుగానే కనిపిస్తుంది, రోగి నిశ్చింతగా ఉంటాడు. ఆ హార్మోన్ పని చేయాలంటే క్లోథో అనే ప్రొటీన్ తోడు ఉండాలి. దాన్ని ఎక్కువగా తయారుచేసేది కిడ్నీయే. కిడ్నీ చిక్కిపోతున్నకొద్దీ క్లోథో తగ్గుతుంది, హార్మోన్ ఎంత పెరిగినా మాట చెల్లదు.

మరోవైపు అదే ఎఫ్‌జీఎఫ్-23, కిడ్నీలో విటమిన్ డి చివరి రూపానికి మారడాన్ని అణచివేస్తుంది. ఆ చివరి రూపం లేకపోతే పేగులు కాల్షియాన్ని సరిగా పీల్చుకోలేవు. రక్తంలో కాల్షియం తగ్గుతుంది. మెడలో థైరాయిడ్ వెనకాల ఉండే నాలుగు చిన్న గ్రంథులు దాన్ని పసిగట్టి పీటీహెచ్ అనే హార్మోన్‌ను గుమ్మరిస్తాయి. పీటీహెచ్ ఎముకను కరిగించి కాల్షియాన్ని రక్తంలోకి తెస్తుంది, దానితో పాటే ఫాస్ఫరస్ కూడా వస్తుంది.

పత్తిచేను గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. శరీరంలో కాల్షియం 99 శాతం ఎముకల్లోనే ఉంటుంది. రక్తపరీక్షలో కనిపించేది మిగిలిన చిటికెడులో ఒక భాగం. 8.3 అన్న అంకెను చూసి ఒంట్లో కాల్షియం తక్కువ అనుకోకూడదు. బాపు ఎముకలు పోగొట్టుకుంటున్నదాంట్లో కొంత నాళాలకు చేరుతోంది.

అయితే చేరేది దానంతట అదే కాదు. ఫాస్ఫరస్ ఎక్కువైన రక్తంలో నానిన కండర కణం, తన పొర మీది ఒక ప్రత్యేక ద్వారం గుండా ఫాస్ఫేట్‌ను (రక్తంలో ఫాస్ఫరస్ ఉండే రూపం) లోపలికి తీసుకుంటుంది. ఒక హద్దు దాటాక దాని స్వభావమే మారిపోతుంది. ముడుచుకోవడం, సాగడం అనే తన పనిని వదిలేసి, ఎముకను కట్టే కణాల్లో పనిచేసే జన్యువులను నడపడం మొదలుపెడుతుంది. తన చుట్టూ ఖనిజపు రేణువులను వదులుతుంది. చివరికి గోడలో పేరుకునేది హైడ్రాక్సీఅపటైట్. మన ఎముకల్లో, పళ్లలో ఉండే ఖనిజం అదే. 2000 సంవత్సరంలో ప్రయోగశాలలో మనిషి ధమని కండర కణాలను పెంచి చూశారు. ఆరోగ్యవంతుల రక్తంలో ఉండేంత ఫాస్ఫేట్‌లో అవి మామూలుగా ఉన్నాయి, కిడ్నీ రోగుల రక్తంలో ఉండే మోతాదుకు పెంచితే వాటిలో ఖనిజం పేరుకుంది.


జువాలజీ సారు
ఆదివారం, ఉదయం 8:05

హనుమకొండలో ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పేవాడిని, ఆగలేక రాస్తున్నాను. మధ్య పొరలో ఇలా కాల్షియం పట్టడాన్ని జర్మన్ వైద్యుడు మోంకెబర్గ్ 1903లోనే వర్ణించాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అప్పట్లో దీన్ని ముసలితనపు మార్పుగా చూసి వదిలేశారు.

అసలు ఆశ్చర్యపడాల్సింది మరొకటి ఉందని నాకనిపిస్తుంది. మన అందరి రక్తంలోనూ కాల్షియం, ఫాస్ఫేట్ పక్కపక్కనే తిరుగుతుంటాయి. మరి మనందరి నాళాలు ఎందుకు గట్టిపడలేదు? ఎందుకంటే అడ్డుకునే కావలివాళ్లు ఉన్నారు. కాలేయం తయారుచేసే ఫెటుయిన్-ఎ, పైరోఫాస్ఫేట్, నాళాల గోడలోనే తయారయ్యే ఎంజీపీ అనే ప్రొటీన్. 1997లో ఎంజీపీ జన్యువు తీసేసిన ఎలుకలను పుట్టించారు. వాటి ధమనులు ఎముకలా మారి పగిలిపోయి రెండు నెలల లోపే చచ్చిపోయాయి. ఫాస్ఫరస్ పెంచలేదు, కిడ్నీలను ముట్టుకోలేదు, ఒక్క కావలివాడిని తీసేశారంతే. కిడ్నీ రోగుల్లో ఈ కావలివాళ్లు కూడా బలహీనపడతారని చదివాను. డాక్టరు గారు అవునో కాదో చెప్పాలి.


రాత్రి డ్యూటీ
ఆదివారం, ఉదయం 8:30

అవును సార్. ఒంట్లో వాపు గుణం నిరంతరం ఉండడం వల్ల ఫెటుయిన్ తగ్గుతుంది. ఎంజీపీ పని చేయాలంటే విటమిన్ కె కావాలి, డయాలసిస్ రోగుల్లో అది తరచూ తక్కువగా ఉంటుంది.


పరకాల పత్తిచేను
ఆదివారం, ఉదయం 10:20

చదివాను, రెండుసార్లు చదివాను. అయితే పాలు మాన్పించడం వల్ల ఉపయోగం లేదా? బాపు గోళీల్లో రెండు రకాలున్నాయి. ఒకటి కాల్షియం అసిటేట్, ఇంకొకటి సెవెలమర్. రక్తనాళాల్లో కాల్షియం ఉంది అంటూనే కాల్షియం గోళీ ఎందుకు ఇస్తున్నారు? బీపీ సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.


రాత్రి డ్యూటీ
ఆదివారం, మధ్యాహ్నం 2:10

మంచి ప్రశ్న. కాల్షియం అసిటేట్‌ను ఎముకల బలం కోసం ఇవ్వరు. అన్నంతో పాటు మింగితే, తిండిలోని ఫాస్ఫరస్‌ను కడుపులోనే పట్టేసి మలంలోకి పంపుతుంది. సెవెలమర్ చేసేదీ అదే, అందులో కాల్షియం ఉండదు, ధర ఎక్కువ. కాల్షియం ఉన్న మందులో కొంత కాల్షియం ఒంటికి పడుతుంది. అందుకే కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ 2017లో ఇచ్చిన సూచనల్లో కాల్షియం కలిసిన మందుల మోతాదుకు హద్దు పెట్టమంది. బాపుకు ఎక్స్‌రేలోనే కనిపిస్తోంది కనుక, "అసిటేట్ తగ్గించి సెవెలమర్ పెంచవచ్చా" అని మీ డాక్టరును నేరుగా అడగండి. మీ అంతట మీరు ఆపేస్తే ఫాస్ఫరస్ ఇంకా పైకి పోతుంది.

పాలు, పెరుగు తగ్గించడం మంచిదే, కానీ అమ్మ అనుకున్న కారణంతో కాదు. వాటిలో కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది. ఒక చిన్న గిన్నె పెరుగు తింటే కొంప మునగదు.

ఇక బీపీ. గుండె ఒక్కసారి కొట్టినప్పుడు బృహద్ధమని, అంటే ఎక్స్‌రేలో కనిపించిన ఆ పెద్ద ధమని, కొంచెం ఉబ్బి ఆ రక్తాన్ని దాచుకుంటుంది, గుండె విశ్రాంతి తీసుకునేటప్పుడు మళ్లీ ముడుచుకుని ముందుకు పంపుతుంది. గోడ గట్టిపడితే ఉబ్బదు, ముడుచుకోదు. కొట్టినప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా ఎగుస్తుంది, విశ్రాంతిలో పడిపోతుంది. 178/62 అంటే మధ్యలో 116 తేడా. గట్టి గోడకు ఎదురు కొట్టీ కొట్టీ గుండె ఎడమ గది కండరం మందమవుతుంది. పైగా గుండె కండరానికి రక్తం అందేది ఎక్కువగా ఆ విశ్రాంతి సమయంలోనే. కిందిది పడిపోతే గుండెకే తిండి తగ్గుతుంది. కిడ్నీ రోగుల్లో చాలామంది డయాలసిస్ దాకా రాకముందే గుండె జబ్బుతో పోవడానికి ఇదొక పెద్ద కారణం.

కొలెస్టరాల్ వల్ల నాళం పూడుకుపోవడం వేరే సంగతి. అది లోపలి పొరలో జరుగుతుంది, దారిని మూసేస్తుంది. షుగరు ఉన్న కిడ్నీ రోగికి రెండూ ఉంటాయి. ఒక తిరకాసు కూడా చెబుతాను. కాలికి రక్తం సరిగా పోతోందా అని చీలమండ దగ్గర బీపీ కొలిచే పరీక్ష ఉంది. నాళం గట్టిపడినవాళ్లలో పట్టీ ఎంత బిగించినా నాళం అణగదు, అంకె ఎక్కువగా వచ్చి "అంతా బాగుంది" అనిపిస్తుంది. కాలి పుండు మానని షుగరు రోగికి ఆ రిపోర్టు చూపించి ఇంటికి పంపేయడం చాలా ప్రమాదం.


మంథని గోదారి
ఆదివారం, రాత్రి 7:45

నేనే డయాలసిస్ రోగిని, ఆరేళ్లయింది. డాక్టరు గారు శాస్త్రం చెప్పారు, నేను కుర్చీలో కూర్చునేవాడి లెక్క చెబుతాను.

మామూలుగా తింటే రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ తేలిగ్గా లోపలికి పోతుంది. అందులో 60 శాతం ఒంటికి పట్టిందనుకున్నా వారానికి నాలుగు వేలు దాటుతుంది. నాలుగు గంటల సిట్టింగులో మిషను తీసేది 800 నుంచి వెయ్యి. మూడు సిట్టింగులకు మూడు వేలు మించదు. మిగిలిన వెయ్యీ పన్నెండు వందలూ ఎక్కడికి పోవాలి? ఆ మిగులును ఆపడానికే గోళీలు. వారానికి రెండుసార్లే చేయించుకునేవాళ్ల లెక్క మీరే వేసుకోండి. చివరి గంట ముందే సూది తీయించుకుని బస్సు ఎక్కేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫాస్ఫరస్ చాలావరకు కణాల లోపల ఉంటుంది, మెల్లగా రక్తంలోకి వస్తుంది, అందుకే సమయం కావాలి.

పత్తిచేను తమ్ముడూ, బాపు గోళీ ఎప్పుడు వేసుకుంటున్నాడో చూడు. మా సెంటర్‌లో సగం మంది పడుకోబోయే ముందు బీపీ గోళీతో కలిపి మింగుతారు. అప్పటికి అన్నం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ముద్ద మధ్యలో పడాలి అది. పెళ్లికి పోయినా జేబులో ఉండాలి.


జగిత్యాల పసుపు
ఆదివారం, రాత్రి 8:30

నేను డైట్ చెప్పే ఉద్యోగం చేస్తాను. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి: ఫాస్ఫరస్ అని భయపడి మాంసకృత్తులు మానేయకండి. డయాలసిస్ రోగికి అవి మామూలు మనిషి కంటే ఎక్కువ కావాలి. మానేస్తే కండ కరిగి మనిషి మంచాన పడతాడు.

ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ముఖ్యం. పప్పులు, జొన్న, మక్క గట్కలోని ఫాస్ఫరస్ ఫైటేట్ రూపంలో ఉంటుంది. మన పేగులు దాన్ని సగం కూడా పీల్చుకోలేవు. కోడి, చేపల్లోది అంతకంటే ఎక్కువ పడుతుంది. కార్ఖానాలో కలిపే ఫాస్ఫేట్ మాత్రం దాదాపు మొత్తం ఒంటికి పట్టేస్తుంది. నల్ల కూల్‌డ్రింకుల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. బేకింగ్ పౌడరు వేసిన కేకులు, ప్యాకెట్ చీజు, నిల్వ ఉంచే మాంసం ముక్కలు కూడా అంతే. పప్పన్నం తిన్నందుకు భయపడే ఇంట్లోనే చుట్టాలు వస్తే రెండు లీటర్ల సీసా తెరుస్తారు, నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

గుడ్డు తెల్లసొనలో ఫాస్ఫరస్ చాలా తక్కువ, మాంసకృత్తులు మంచివి. పచ్చసొన పక్కన పెట్టండి. మాంసం ముక్కలను ఉడికించి ఆ నీళ్లు పారబోసి మళ్లీ వండితే ఫాస్ఫరస్, పొటాషియం రెండూ తగ్గుతాయి. ఆ నీళ్లనే పాయా అని తాగే అలవాటు ఉంటే మాత్రం మానాలి. తలకాయ, కార్జం, ఎముకతో సహా నమిలే ఎండు చేపలు ఈ జబ్బుకు పనికిరావు. మేడారం పోయి వచ్చిన వారం మా దగ్గర రిపోర్టులన్నీ పైకి ఎగబాకి ఉంటాయి.


నర్సంపేట మిర్చి
ఆదివారం, రాత్రి 9:10

అన్నీ మానమని చెబుతారు, ఎక్కిన కాల్షియాన్ని దించే మందు ఒక్కటి చెప్పరు. మా దగ్గర కషాయం పొడి దొరుకుతుంది, కావాలంటే ఈ నంబరుకు [తొలగించబడింది]


వేదిక నిర్వాహకులు
ఆదివారం, రాత్రి 9:25

మందుల అమ్మకం, ఫోను నంబర్లు ఇక్కడ వద్దు. మరోసారి జరిగితే ఖాతా ఆపేస్తాం. చర్చ కొనసాగించండి.


రాత్రి డ్యూటీ
ఆదివారం, రాత్రి 10:40

మిర్చి గారి కోపంలో ఒక న్యాయం ఉంది. ఎక్కిన కాల్షియాన్ని నమ్మకంగా వెనక్కి తీసే మందు ఈ రోజుకు లేదు. దాచడం ఎందుకు? విటమిన్ కె ఇచ్చి చూశారు, స్పష్టమైన లాభం తేలలేదు. కొలెస్టరాల్ మందులు కాల్షియాన్ని తగ్గించవు. మా చేతిలో ఉన్నది ఇంకా ఎక్కకుండా వేగం తగ్గించడమే.

అయితే ఆకు గురించి. మూత్రంలో రాయి మూత్రనాళంలో విడిగా ఉంటుంది, చిన్నదైతే నీళ్లు బాగా తాగినా పడిపోతుంది. నాళం గోడలోని ఖనిజం కణాల మధ్య అల్లుకుని ఉంది. కషాయం అక్కడికి వెళ్లి దాన్ని మాత్రమే ఏరి తీయాలంటే, అదే ఖనిజంతో ఉన్న ఎముకలను, పళ్లను వదిలేయాలి కదా. అన్నిటికంటే ముందు, మూత్రం రాని మనిషికి ఆకుల కషాయం అంటే పొటాషియం, అదనపు నీళ్లు. గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. చిన్నాయన గారికి ఈ ఒక్క ముక్క చెప్పండి.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: అది విటమిన్ కె పనిని ఆపుతుంది కనుక ఎంజీపీని కూడా బలహీనపరుస్తుంది. అలాగని గుండెకు లోహపు కవాటం వేసినవాళ్లు దాన్ని ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. కిడ్నీ డాక్టరు, గుండె డాక్టరు కలిసి మాట్లాడుకోవాల్సిన విషయం అది.


ములుగు రోడ్డు
సోమవారం, ఉదయం 7:30

అన్నా, మా అమ్మకు క్రియాటినిన్ 1.9, కిడ్నీ జబ్బు మూడో దశ అన్నారు. డయాలసిస్ ఇంకా లేదు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ విటమిన్ డి సూదులు, కాల్షియం గోళీలు, నొప్పి గోళీలు ఇస్తున్నాడు. ఫాస్ఫరస్ మామూలుగానే ఉంది. ఇప్పటి నుంచే భయపడాలా?


రాత్రి డ్యూటీ
సోమవారం, మధ్యాహ్నం 1:15

భయం వద్దు, ఆ మందుల సంచి మాత్రం విప్పి చూడాలి. ఎఫ్‌జీఎఫ్-23 ఫాస్ఫరస్ కంటే ముందే పెరుగుతుందని పైన రాశాను. కాబట్టి మామూలు అంకె చూసి నిశ్చింత పడకూడదు. నొప్పి గోళీలు ముందు ఆపించండి, మిగిలిన కిడ్నీని తినేస్తాయి. విటమిన్ డి సూదులు ఒకదాని మీద ఒకటి వేస్తే కాల్షియం మితిమీరుతుంది, నాళాలకు అదే ఆహ్వానం. రక్తంలో విటమిన్ డి ఎంత ఉందో చూసి, తక్కువుంటేనే, కొలత ప్రకారం ఇవ్వాలి. మలబద్ధకానికి మందుల దుకాణంలో ఫాస్ఫేట్ ఎనిమాలు అమ్ముతారు, అవి కూడా ఆమెకు వద్దు. బీపీ, షుగరు అదుపు, ఉప్పు తగ్గించడం, సిగరెట్టు, చుట్ట మానడం అందరికీ తెలిసినవే.

వయసు మీద నెపం వేయవద్దని కూడా చెప్పాలి. 2000లో అమెరికాలో 20 నుంచి 30 ఏళ్ల మధ్య ఉన్న డయాలసిస్ రోగులు 16 మందికి గుండె స్కాన్ చేస్తే 14 మందికి గుండె ధమనుల్లో కాల్షియం కనిపించింది.


పరకాల పత్తిచేను
బుధవారం, రాత్రి 9:05

నిన్న డయాలసిస్ రోజున డాక్టరు గారితో మాట్లాడాను. మీరు చెప్పినట్టే అడిగాను. అసిటేట్ తగ్గించి సెవెలమర్ పెంచారు. పీటీహెచ్ తగ్గించడానికి సినకాల్‌సెట్ అనే మందు మొదలుపెడదామన్నారు. అయితే అది కాల్షియాన్ని ఇంకా కిందికి లాగుతుందట, 8.3 ఉన్నప్పుడు తొందర వద్దని మళ్లీ పరీక్ష రాశారు. అది కుదరకపోతే గ్రంథుల ఆపరేషన్ గురించి ఆలోచిద్దామన్నారు.

గోళీ విషయం మంథని అన్న చెప్పినట్టే తేలింది. బాపు రాత్రి పడుకునే ముందు అన్నీ ఒకేసారి మింగుతున్నాడు. ఇప్పుడు అమ్మ కంచం పక్కనే పెడుతోంది. కార్జం మానేస్తానన్నాడు, తలకాయ కూర మీద మాత్రం ఇంకా బేరం ఆడుతున్నాడు. చిన్నాయన కొండపిండి ఆకును తీసుకుపోయాడు, కోపంగానే.

ఒక ప్రశ్న మిగిలింది. అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో కిడ్నీ కోసం పేరు నమోదు చేయించాలనుకుంటున్నాం. నాళాలు ఇలా ఉంటే మార్పిడి కుదురుతుందా?


రాత్రి డ్యూటీ
బుధవారం, రాత్రి 11:20

కుదరదని ఎవరూ ముందే చెప్పలేరు. కొత్త కిడ్నీని పొత్తికడుపులో కాలికి పోయే పెద్ద ధమనికి కలుపుతారు. అక్కడ కుట్టు వేయడానికి మెత్తని జాగా ఒక్కటైనా దొరకాలి. అందుకే నమోదుకు ముందు పొత్తికడుపు స్కాన్ తీసి ఆ నాళాలు ఎక్కడెక్కడ గట్టిపడ్డాయో చూస్తారు. గుండె పరీక్షలు కూడా అప్పుడే చేస్తారు. మార్పిడి జరిగితే పాత కాల్షియం పోదు కానీ కొత్తది ఎక్కే వేగం చాలామందిలో తగ్గుతుంది. స్కాన్‌కు రంగు మందు అవసరమా అని అడగండి, కాల్షియం చూడటానికి మాత్రమే అయితే అక్కర్లేదు.


మంథని గోదారి
గురువారం, ఉదయం 5:50

పాత ఎక్స్‌రే పారేయవద్దు తమ్ముడూ, స్కాన్‌కు పోయేటప్పుడు దాన్నీ, గత ఆరు నెలల ఫాస్ఫరస్, పీటీహెచ్ రిపోర్టులనూ ఒకే ఫైలులో పెట్టుకుని పో. నాకు పొద్దున ఆరింటి డయాలసిస్ షిఫ్టు, బయలుదేరుతున్నాను. సాయంత్రం వచ్చి నా ఫిస్టులా (డయాలసిస్ సూది గుచ్చడానికి చేతిలో కలిపిన నాళం) గురించి డాక్టరు గారిని ఒకటి అడగాలి. చేతి నాళం గట్టిపడిందని, కొత్తది మోచేతి పైన పెడదామంటున్నారు.